చౌడు మిద్దె

మా ఊర్లో మా నాయన ఎక్కని మిద్దె లేదు. మా గేరి బయట ఆయన గడప దాటిన ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. నలభై ఏండ్లు ఊరోళ్ల ఇండ్ల నెత్తిన నడిచినాడు. ఆ ఇండ్ల లోపల నేల బండలు పరిచిందో, పేడతో అలికిందో ఆయనకు తెలీదు. తెలియకుండానే పోయినాడు.

పోయిన ఎండాకాలం మా అమ్మ ఫోన్ చేసింది. "రేయ్ నాయనా, మిద్దెకు సౌడెయ్యక రెండేండ్లాయ. ఈ తూరి వానకు ఉరుస్తాది. నువ్వొస్తావా, నన్నే ఎక్కమంటావా?" అనింది. ఆమెకు డెబ్బై అయిదు దాటినాయి. ఎక్కమంటే ఎక్కే మనిషే. నేను సెలవు పెట్టి, బెంగుళూరులో పని చేసే నా కొడుకును పిలిపించుకొని పోయినాను. ఆ మూడు దినాల్లో పార పట్టుకొన్నప్పుడల్లా గుర్తొచ్చిన సంగతులే ఇవి.

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దిక్కు పల్లె. ఏడాది మొత్తం కలిపినా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే సీమ. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే దిగబోసుకొని మాకు గాలి మాత్రం పంపుతుంది. ఈశాన్య మేఘం కోస్తాలో కురిసి మా దాకా వచ్చేసరికి దాంట్లో ఏమీ మిగలదు. నేను అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివేటప్పుడు ఒక స్నేహితుడు, "వానే పడని చోట ఇల్లు కారడమేందప్పా?" అని నవ్వినాడు. వాడు స్లాబింట్లో పుట్టినోడు. వాన పడని చోటే మన్ను మిద్దెకు ముప్పు ఎక్కువని వానికేం తెలుసు! నెలల తరబడి ఎండకు మిద్దె బీటలిస్తుంది. ఆ బీటల్లోకి ఉత్తర కార్తెలో మూడు దినాల ముసురు దిగుతుంది. ఏడాదంతా రాని వాన ఆ మూడు దినాల్లోనే వస్తుంది.

ఇప్పటి పిల్లలకు మిద్దె అంటే మేడ. మా దిక్కు మిద్దె అంటే మన్ను కప్పు. రాతి గోడల మీద దూలం. దూలం మీద అడ్డంగా దంతెలు. దంతెల మీద సన్న కట్టెలు, తంగేడు మండలు. దాని మీద బోదగడ్డి, చెదలు పట్టకుండా వేపాకు. ఆ పైన తొక్కిన బురదమన్ను జానెడు. అన్నిటికన్నా పైన చౌడు. మిద్దె నడుమ పొగ పోవడానికి, వెలుగు రావడానికి మూరెడు సందు విడుస్తారు. దాన్ని గవాచి అంటాం. వానొస్తే దాని మీద ఒక బండో, పగిలిన కడవో బోర్లిస్తాం.

చౌడంటే ఉప్పు మన్ను. ఎండాకాలంలో నేల మీద తెల్లగా పొంగుతుంది. చాకలోళ్లు బట్టలకు తీసుకుపోతారు. ఆ మన్నులో ఉండే సోడియం ఉప్పుల వల్ల నీళ్లు తగలగానే రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసుకొంటాయి. నీళ్లు కిందికి దిగవు. అందుకే చౌడు నేలలో పైరు బతకదు. అందుకే చౌడేసిన మిద్దె కారదు. పైరును చంపే గుణమే మనిషిని కాపాడుతుంది. ఈ సంగతి మా నాయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. గుప్పెడు మన్ను తీసుకొని నాలిక కొసకు తగిలించి, "ఇది పనికొస్తాది, అది రాదు" అనేవాడు.

కానీ చౌడు ఒకసారి వేస్తే సరిపోదు. ప్రతి వానకూ పైపొర దోనిలో పడి కొట్టుకుపోతుంది. ఏటేటా కొత్తది పొయ్యాల. కొత్తది పోసే ముందు పాతది గీకి తియ్యాల. ఇక్కడే ఉంది అసలు కష్టం. గీకడానికి రెండు దినాలు పడుతుంది. తీరిక ఉన్నోడు గీకుతాడు. లేనోడు పాతదాని మీదనే కొత్తది పోస్తాడు. పదేండ్లు అట్ల పోస్తే మిద్దె అడుగు మందమవుతుంది. పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు ఉన్న చిన్న మిద్దె మీద అడుగు మందం మన్నుంటే అది అయిదు టన్నులకు తక్కువుండదు. తడిస్తే ఇంకా ఎక్కువ. చెదలు తిన్న ఒక వేపదూలం ఆ బరువును మోస్తుంటుంది. కింద మనం పండుకొనుంటాం.

మా గేరిలో తీరిక ఉన్న ఇల్లు ఏది?

రోహిణి కార్తె వస్తే ఊర్లో చౌడు పని మొదలయ్యేది. ముందు పెద్దిల్లు. తర్వాత వాళ్ల అన్నదమ్ముల ఇండ్లు. తర్వాత ఊర్లో మిగిలినోళ్లవి వరసగా. మా వాళ్లు గడ్డపారతో తవ్వి బండ్లకెత్తాల, మిద్దెల మీదికి మోయాల, పరిచి దిమ్మిస కొట్టాల. రోజుకు రెండు పడుల జొన్నలు, మధ్యాన్నం ఒక సంగటి ముద్ద. నిచ్చెన వీధి దిక్కు వెయ్యకూడదు, దొడ్డి గోడకు వెయ్యాల. దప్పికైతే పైనుంచి కేకేస్తే కింద ఎవరో దోసిట్లో పోస్తారు, దిగి తాగాల. ఊరంతా అయ్యేసరికి మృగశిర వచ్చేది. మొదటి పదును పడితే చెనిక్కాయ విత్తడానికి మళ్లీ మా వాళ్లే కావాల. మా మిద్దెలు ఎప్పుడూ ఆఖరు. కొన్నేండ్లు ఆ ఆఖరు కూడా రాదు. అప్పుడు అమ్మ బీటల్లో ఇంత బూడిద, ఇంత పేడ పూసి, "ఈ ఏటికి నువ్వే దిక్కు" అని దూలానికి మొక్కేది.

1978లో నాకు ఎనిమిదేండ్లు. పెద్దింటి మిద్దె మీద నాయనతో పాటు నేనూ గంపలు మోస్తాండాను. మోసి మోసి గవాచి కాడ ఆగి లోపలికి తొంగి చూసినాను. చీకట్లో ముందు ఏమీ కనపడలేదు. తర్వాత వరసగా ఇత్తడి బిందెలు కనపడినాయి. పొయ్యి మీద గుండిగ, దాంట్లో తెల్లగా ఉడుకుతున్న వరి బువ్వ. నేను అంత బువ్వ ఒక్కచోట చూడ్డం అదే మొదలు. ఇంకా వంగినాను. నా గంపలో నుంచి ఇంత చౌడు జారి ఆ గుండిగలో పడింది.

"ఎవుడ్రా వాడు గవాచి కాడ?" అని లోపల్నుంచి అరుపు. ఆ ఇంటామె బయటికొచ్చి తలెత్తి చూసింది. మాదిగోని పిల్లోడని తెలిసింది. మన్ను పడిందని కాదు ఆమె బాధ. మన్ను ఏరి పారెయ్యొచ్చు. నా చూపు పడింది, అదీ బాధ. పెద్దింటాయన నన్నేమీ అనలేదు. మా నాయన దిక్కు చూసినాడు. మా నాయన నిచ్చెన దిగి, అందరి ముందర నన్ను కొట్టినాడు. వాళ్లు కొట్టకముందే తానే కొట్టినాడని నాకు చానా ఏండ్లకు అర్థమైంది.

సాయంత్రం ఆ గుండిగలో బువ్వంతా మా గంపలో కుమ్మరించినారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం వరి బువ్వ తిన్నాం. పండ్ల కింద చౌడు కరకరమనింది. మా చెల్లెలు, "అన్నా, రేపు గూడా మన్నెయ్యి" అనింది. అందరం నవ్వినాం, నాయన తప్ప. అప్పుడు నాకు సిగ్గు కాలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు ఒక రాత్రి ఉన్నట్టుండి ఆ కరకర నోట్లో తగిలింది. అప్పుడైంది.

1981లో మా మిద్దెకు చౌడు పడలేదు. ఊరి మిద్దెలన్నీ అయినాయి. మా వంతు వచ్చేసరికి పదును పడింది, విత్తనాలకు రమ్మన్నారు. నాయన పోయి, "రెండు దినాలు ఇడువు సామీ, మా ముసల్దుంది ఇంట్లో, మిద్దె బాగలేదు" అన్నాడు. "పదును ఆగుతాదా నీ మిద్దె కోసరం?" అన్నారు. పదును ఆగదు, నిజమే. మా నాయన గూడా రైతు కూలీనే, ఆ మాటకు బదులు చెప్పలేకపోయినాడు.

ఉత్తర కార్తెలో ముసురు పట్టింది. రెండు దినాలు ఎడతెరపి లేదు. ఇల్లంతా చట్లు, తట్టలు పెట్టినాం. దక్షిణం మూల ఒక్కటే కొంచెం పొడిగా ఉంది. అక్కడ మా ముగ్గురు పిల్లోళ్లను పండబెట్టి జేజి పోయి ఉరిసే మూలలో గోనెపట్ట కప్పుకొని కూర్చునింది. "నాకు నిద్ర యాడిదిలే" అనింది. కూలే ముందు మిద్దె చెప్తుంది అంటారు. మన్ను సన్నగా రాలుతుంది, దంతె కిర్రుమంటుంది. ఆ వాన చప్పుడులో మాకేమీ వినపడలేదు. తెల్లవారుజామున ఆ మూల మొత్తం కిందికి దిగింది.

నాయన, చిన్నాయన, గేరిలో మొగోళ్లంతా చేతుల్తో మన్ను తీసినారు. పారతో తీస్తే ఆమెకు తగులుతుందని చేతుల్తోనే తీసినారు. ఆ మన్నులో ఏ పొర ఏ ఏడాదిదో నాయనకు తెలుసు. అన్నీ ఆయన పోసినవే.

తర్వాత ఎవరో వచ్చి వాన వల్ల చనిపోయిందని రాసుకొన్నారు. నేను ఆరో తరగతి. ఆ మాట చదవగలిగినాను. వాన ఊరంతా పడింది. పెద్దింటి మీద గూడా పడింది. మా జేజిని చంపింది వాన కాదు, వరస.

ఇంక చౌడు భూమి సంగతి. ఊరి దక్షిణాన గుట్ట కింద చౌడు దిబ్బలుండేవి. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, మా గేరిలో తొమ్మిది ఇండ్లకు భూమి పంచినారు. డీకేటీ పట్టాలు. మాకు రెండెకరాలు వచ్చింది. ఏ భూమి? ఆ చౌడే. గడ్డి గూడా మొలవని నేల. 1977లో అసైన్డు భూములు అమ్మకూడదు, కొనకూడదు అని చట్టం వచ్చిందని తెలిసి మా వాళ్లు నవ్వినారు. మా చౌడును కొనేదెవడు? కానీ ప్రతి ఎండాకాలం ఊరి బండ్లు వచ్చి ఆ మన్నే తోలుకుపోయేవి. ఎవరూ మమ్మల్ని అడగలేదు. అడగాలని మాకూ తోచలేదు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. నేను హాస్టల్లో పేపర్లో చదివి, శనివారం ఊరికి పోయి నాయనకు చెప్పినాను.

"యాలరా సంపినారు?" అన్నాడు.

"నీళ్ల కాడ నాయనా. మేం తాగే నీళ్లు మురికి చెయ్యద్దని అడిగినారంట."

చానాసేపు మాట్లాడలేదు. బీడీ ఆర్పేసి, "అడిగినందుకేనా?" అన్నాడు. తర్వాత ఇంకొక మాట అన్నాడు. "అడక్కపోయినా మనోళ్లు చస్తానే ఉండారు గదరా."

1986 ఎండాకాలం, పెద్దింటి నుంచి చౌడుకు రమ్మని పిలుపొచ్చింది. తొమ్మిది పట్టాలోళ్లూ మా ఇంటి ముందర వేపచెట్టు కింద కూర్చున్నారు. రెండే మాటలు చెప్పి పంపినారు. ముందు మా గేరి మిద్దెలు, తర్వాతే ఊరివి. మా పట్టాలో మన్ను కాబట్టి బండికి రెండు రూపాయలు. చెప్పడానికి పోయినోడు మా నాయన. దొడ్డి గోడ బయట నిలబడి చెప్పినాడు. "సామీ" అనడం మానలేదు. గొంతు వణికిందని ఆయనే నాతో అన్నాడు.

ఆ ఏడాది మా తొమ్మిది ఇండ్ల మిద్దెలు రోహిణి కార్తెలోనే అయినాయి. పాతది గీకి, కొత్తది పోసి, దిమ్మిస కొట్టినాం. అమ్మ మిద్దె ఎక్కి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. ఆమెను ఆ ఎత్తులో నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత కష్టాలు వచ్చినాయి. విత్తనాలకు పక్కూరోళ్లను పిలిపించుకొన్నారు. అంగట్లో అప్పు పుట్టలేదు. మేకలు వాళ్ల బీళ్లల్లోకి పోకూడదన్నారు. అమ్మ, చిన్నమ్మ నాట్లకు బళ్లారి దిక్కు పోయి మూడు నెలలకు వచ్చినారు. మా వాళ్లలోనే ఇద్దరు, "రెండు రూపాయలకు ఇంత పంతమా?" అని నాయన్ను తిట్టినారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. వాళ్ల ఇండ్లల్లో పొయ్యి వెలగలేదు. రెండేండ్లకు చిన్న రైతులు ఒక్కొక్కరే వచ్చి, "బండికి రెండు రూపాయలిస్తాంలే, రాండి" అన్నారు. మేం గెలిచినామనే అనుకొన్నాం.

పెద్దిల్లు మాత్రం రాలేదు. తాడిపత్రి దిక్కు నుంచి లారీలో నాపబండలు తెప్పించి మన్ను మిద్దె తీసేసి బండల మిద్దె వేసుకొన్నారు. ఇంకో ఆరేండ్లకు దాన్నీ తీసి స్లాబు పోసుకొన్నారు. వాళ్లను చూసి ఊరు, ఊరిని చూసి పక్కూరు. మా చౌడుతో ఎవరికీ పని లేకుండా పోయింది. మా చేతికి ఒక పట్టు దొరికిన పదేండ్లలోపే ఆ పట్టుకు విలువ పోయింది. ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకు నేను ఈ సంగతి ఎప్పుడూ చెప్తుంటాను. మనం వరస మార్చమని అడిగేలోగా వాళ్లు ఇల్లే మార్చుకొంటారు. అయినా అడిగి తీరాల. అడిగినాక మా గేరిలో మిద్దె కూలి ఎవరూ చావలేదు.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగినాక ఒక సభకు గుంటూరు దిక్కు పోయినాను. రాత్రి దివిసీమ తమ్ముడొకడు నా పక్కన పండుకొన్నాడు. వాళ్లది తాటాకు ఇల్లు. రెండు మూడేండ్లకొకసారి కప్పు మార్చాలంట. 1977 నవంబరు 19 ఉప్పెనకు కప్పే కాదు, గోడలు, మనుషులు అన్నీ పోయినాయంట. "మా కప్పు ఎగిరిపోద్ది అన్నా" అన్నాడు. "మా కప్పు మీద పడతాది తమ్ముడూ" అన్నాను. తర్వాత, ఆకు ఎక్కడి నుంచి తెస్తారని అడిగినాను. తాటిచెట్లు పొలాల గట్ల మీదివి, ఆసాములవి. వాళ్లు కొట్టుకోమన్నప్పుడే కొట్టుకోవాల, వాళ్ల పాకలు కప్పినాకే మనవి. ఆ తమ్ముని ఉప్పు సముద్రంలో ఉంది, నా ఉప్పు నేలలో ఉంది. వరస మాత్రం ఒకటే. ఇల్లు మనదైనా కప్పు ఎవరి గట్టు మీదుందో చూసుకోవాలని ఆ రాత్రి అనుకొన్నాం.

1993లో మాకూ స్లాబిండ్లు వచ్చినాయి. గేరికి పడమర కాలనీ, ఒక గది, ఒక వసారా. మా వాళ్లు డప్పు కొట్టుకొంటూ పోయి దిగినారు. మా నాయన అంబేద్కర్ పటం చేతిలో పట్టుకొని గోడలన్నీ చూసినాడు. పాత మిద్దెలో ఏ మూల ఉరవదో చూసి పటం తగిలించేవాడు, మూడు మూలలు మార్చినాడు. "ఇక్కడ యాడైనా పెట్టొచ్చు గదరా" అని సంబరపడినాడు. పదిహేనేండ్లు తిరక్కుండానే ఆ స్లాబు పెచ్చులూడడం మొదలుపెట్టింది. ఉప్పు బోరునీళ్లతోనే సిమెంటు కలిపినారు, ఇసుక కంటే దుమ్మెక్కువ, ఊచ మీద సిమెంటు మందం వేలెడు గూడా లేదు. ఊచకు తుప్పు పడితే అది లావెక్కుతుంది, మీదున్న సిమెంటును చీల్చుకొని బయటికొస్తుంది. కోస్తాలో ఉప్పుగాలి చేసే పని మా ఊర్లో ఉప్పునీళ్లు చేసినాయి. మన్నులో ఉప్పు మా మిద్దెను కాపాడింది, సిమెంటులో ఉప్పు మా స్లాబును తినింది.

అందరి స్లాబులూ అట్ల కాలేదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్.డి.టి. మా జిల్లా పల్లెల్లో దళితులకు ఇండ్లు కట్టించింది, ఆడోళ్ల పేరన రాయించింది. మా చిన్నమ్మ కూతురు అట్లాంటి ఇంట్లోనే ఉంది. "ఇంట్లో నుంచి పొమ్మంటే, నువ్వే పో అనొచ్చు" అంటుంది. కప్పు గట్టిగా ఉండడమంటే అదీ ఒకటి.

నాయన పోయినాక అమ్మ కాలనీ ఇల్లు వదిలి పాత మిద్దెలోకి వచ్చేసింది. ఎండాకాలం స్లాబింట్లో రాత్రి పూట గూడా సెగ దిగుతుంది, మన్ను మిద్దెలో చల్లగుంటుంది. అది ఒక కారణం. ఇంకోటి ఆమె చెప్పదు.

పోయిన ఎండాకాలం నేను, నా కొడుకు మిద్దె ఎక్కినాం. వాడు, "రేకులేస్తే ఒక్క దినంలో అయిపోతాది జేజీ" అన్నాడు. "రేకుల కింద నువ్వు పండుకో, నేను జూస్తా" అనింది. ఊర్లో చౌడు పొయ్యడం తెలిసినోళ్లు ఎవరూ లేరు. ఉన్న ఇద్దరు ముసలోళ్లు కింద కూర్చొని కేకలేస్తూ చెప్పినారు. గుట్ట మీద గాలిమరలు తిరుగుతాండాయి. గుట్ట కింద మా పట్టాలో కంపచెట్లు కమ్ముకొన్నాయి. వాటి నడుమ తెల్లగా పొంగిన చోట తవ్వినాం. నాలిక కొసకు తగిలించి చూసినాను. నాకేమీ తెలియలేదు. ముసలోళ్లకు చూపించి తెచ్చినాం.

ఒక దినమంతా గీకినాం. రెండు దంతెలు చెదలు తినేసుంటే తీసి నీలగిరి కట్టెలు వేసినాం. ఆకు మీద ఒక ప్లాస్టిక్ పట్ట పరుద్దామని నా కొడుకు అన్నాడు. అమ్మ ఆలోచించి, "అది మంచి మాటే" అనింది. పట్ట పరిచి, బురదమన్ను తొక్కి, పైన చౌడు పోసినాం. గవాచి మూసేద్దామా అంటే మాత్రం ఒప్పుకోలేదు. "అది మూస్తే నాకు తెల్లారిందని ఎట్ల తెలుస్తాది?"

మూడో దినం మధ్యాన్నం దిమ్మిస కొట్టి గవాచి కాడ కూర్చున్నాను. లోపలికి తొంగి చూసినాను. అమ్మ పొయ్యి ముందర కూర్చొని బువ్వ కలబెడతాంది. పైనుంచి ఆమె తల తెల్లగా కనపడింది. నా మోకాలి కింద నుంచి ఇంత చౌడు జారి చట్టిలో పడింది. నాకు ఒళ్లు జల్లుమనింది. యాభై అయిదేండ్లోడిని, చెంప మీదికి చెయ్యి దానంతటదే పోయింది.

"అమ్మా, మన్ను పడింది" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. గరిటెతో పైపైన ఇంత తీసి పక్కన పెట్టింది.

"పడనీలేరా, మన మన్నే గదా. దిగొచ్చి తినండి."

దిగినాం. ముగ్గురం ఆ బువ్వే తిన్నాం.